కొండ పడుచుల సందేహములు

క్యాన్సరు అను మాట తెలుగునాట వ్యాపింపకముందు దానికి మనవారు పెట్టుకొన్న పేరు రాచపుండు. పుండ్లన్నిటిలో పెద్దదియు, మందులకు లొంగనిదియు గనుక దానికా రాచరికము దక్కినది. గ్రీకు వైద్యులు దానిని పీతతో పోల్చిరి. ఎవరే పేరు పెట్టినను కంటికి కనబడిన దానిని చూచియే పెట్టిరి. రొమ్ములో గడ్డ చేతికి తగులును. నోటిలో పుండు అద్దములో కనబడును. గర్భసంచి మూతివద్ద పుట్టు క్యాన్సరు అట్టిది కాదు. అది పుట్టిన చాలకాలమువరకు నొప్పి ఉండదు, జ్వరముండదు, పని మానవలసిన అవసరముండదు. ముట్టుకు ముట్టుకు నడుమ నెత్తురు కనబడుట, ముట్లుడిగిన పిమ్మట మరల కనబడుట, భార్యాభర్తల కలయిక పిదప కనబడుట, దుర్వాసనతో తెల్లబట్ట అగుట - ఈ గుర్తులు పొడసూపునప్పటికి వ్యాధి తరచుగా ముదిరియే ఉండును.

కనుక వైద్యశాస్త్రము ఈ వ్యాధి విషయమున స్త్రీలను ఒక విపరీతమైన కోరిక కోరుచున్నది. ఏ బాధయు లేనప్పుడే ఆసుపత్రికి రమ్మనుచున్నది. ఈ కోరిక పట్టణములలోనే చెల్లుబడి కాలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల వయసుగల భారత స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారియైన చేయించుకొన్నవారు నూటికి ఇద్దరు కూడ లేరు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా ప్రకారము 2022లో మన దేశమున సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడినది. సుమారు 80,000 మంది దీనితో మరణించిరి. ముందుగా కనిపెట్టినచో దాదాపు పూర్తిగా నివారింపదగిన వ్యాధికి ఇంతమంది బలియగుట సామాన్య విషయము కాదు.

ఇక కొండల సంగతి. విశాఖపట్టణమునుండి అరకులోయకు దాదాపు 115 కిలోమీటర్లు. బొర్రా గుహలు, కాఫీ తోటలు చూచి మరలిపోవువారికి ఆ రోడ్డు చాలును. ఆ రోడ్డు విడిచి లోపలికి పోవు కాలిబాటలమీద అనంతగిరి, డుంబ్రిగూడ, పెదబయలు, ముంచింగిపుట్టు మండలముల పల్లెలు ఉన్నవి. నొప్పులు పడు స్త్రీని డోలిలో మోసికొని రోడ్డుకు చేర్చు వార్తలు నేటికిని పత్రికలలో కనబడుచునే ఉన్నవి. అట్టిచోట ఆసుపత్రి అనగా నడువలేనివారు పోవు తావు. కాళ్ళు చేతులు ఆడుచుండగా, పోడు పని వదలి, సంత వదలి, చంటిబిడ్డను చంకనెత్తుకొని, జబ్బు లేదని తెలిసికొనుటకు ఒక రోజు పాడుచేసికొనుట వారికి వింతగా తోచుటలో వింత లేదు.

పైగా భాష యొకటి. ఈ మన్యమున బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొటియాలు, పోర్జాలు, గదబలు, ఖోందులు మొదలగువారు కలరు. ఖోందుల కువి ద్రావిడ భాష. గదబలలో ఒక తెగవారి గుతోబు ముండా కుటుంబములోనిది. తెగలన్నిటికి నడుమ వ్యవహారమునకు పనికివచ్చు ఆదివాసీ ఒడియా ఆర్యభాష. మూడు భాషాకుటుంబములు ఒక్క వారపు సంతలో చింతపండు బేరమాడుకొనును. అట్టి సంత పక్కన ‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ శిబిరము’ అని వ్రాసిన గుడ్డ కట్టినచో, అందు సగము సంస్కృతము, సగము ఇంగ్లీషు. వచ్చినవారి ఇంటిమాట ఒక్కటియు లేదు. తెలుగు రెండవ భాషగానో మూడవ భాషగానో నేర్చిన పడుచునకు అందులో తెలిసిన మాట క్యాన్సరు ఒక్కటే. అది చావుకు మారుపేరని కూడ ఆమెకు తెలియును. ఊరి మంత్రసానికి ఆ అవయవము పేరు తన భాషలో తెలియకుండునా? ఆ గుడ్డపై వ్రాత వ్రాయించువారు ముందుగా ఆమెను అడిగిన బాగుండెడిది.

పరీక్షకు రమ్మని ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చెప్పినప్పుడు పడుచుల మనస్సులో మెదలు ప్రశ్నలు పైకి రావు. వారు తల వంచుకొని సరే అందురు. ఆ దినమున అడవికి పోవుదురు. దీనినే సిబ్బంది తమ పుస్తకములలో ‘అవగాహన లేమి’ అని వ్రాసికొందురు. అవగాహన లేకపోవుట ఒకటి, అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోవుట మరొకటి. మన్యమున ఎక్కువగా ఉన్నది రెండవది.

మొదటి ప్రశ్న సిగ్గునకు సంబంధించినది. చూచునది ఎవరు? ఆడమనిషియా, మగ డాక్టరా? కాన్పు సమయమున తప్పదు గనుక ఓర్చుకొన్న స్త్రీ, ఏ అవసరము తోచనిచోట అంతటి మరుగును ఎందుకు విడువవలెను? దీనికి జవాబు చెప్పుట కష్టము కాదు. ఉపకేంద్రములలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను చేయుటకు ప్రభుత్వము ఎన్నుకొన్న పరీక్షను శిక్షణ పొందిన నర్సు చేయగలదు. స్త్రీని బల్లపై పడుకొనబెట్టి, దుప్పటి కప్పి, స్పెక్యులము అను చిన్న సాధనముతో లోపలి దారిని కొంచెము తెరచి, నూటికి మూడు మొదలు అయిదు పాళ్ళ ఎసెటిక్ ఆమ్లము కలిసిన నీటిని, అనగా పలుచని సిర్కా వంటి దానిని, దూదితో గర్భసంచి మూతికి అద్దుదురు. ఒక నిమిషము, అనగా చుట్ట ముట్టించుకొన్నంత సేపు, ఆగి చూతురు. మార్పు చెందిన చోటు తెల్లబారును. ఆరోగ్యముగా ఉన్న చోటు మామూలు రంగులోనే ఉండును. కొంచెము చురుక్కుమనవచ్చును, సాధనము పెట్టినప్పుడు ఒత్తిడి తెలియవచ్చును. కోత లేదు, సూది లేదు. నడుమ వద్దన్నచో ఆపివేయవలసినదే. ఇంత మాత్రము ముందుగా చెప్పినచో తగ్గు భయము, చెప్పక బల్ల ఎక్కించినచో రెట్టింపగును. ఒకతె భయపడి దిగివచ్చినచో ఆ సంగతి సాయంత్రమునకు ఊరంతయు తెలియును. మరుసటి శిబిరమునకు ఆ ఊరివారు రారు.

సిగ్గు కొండలకే పరిమితమైనదని అనుకొనరాదు. గర్భసంచి మూతినుండి తీసిన కణములను సూక్ష్మదర్శినిలో చూచి క్యాన్సరును ముందే గుర్తించవచ్చునని 1928లో ప్రకటించిన గ్రీకు వైద్యుడు పాపనికొలావు, అమెరికాలో ఈ పని సాగించునప్పుడు ఏండ్ల తరబడి నమూనాలు ఇచ్చినది ఆయన భార్య ఆండ్రొమాకీ. ఆయన పేరుతో ‘పాప్’ పరీక్ష లోకప్రసిద్ధమైనది. ఆ యిల్లాలి పేరు ఎరిగినవారు తక్కువ.

రెండవ ప్రశ్న వయసును గూర్చినది. కొండలలో ఇరువది రెండేండ్ల పిల్లకు ఇద్దరు బిడ్డలు ఉండుట అరుదు కాదు. నాకును చేయుదురా, పెండ్లి కాని నా చెల్లెలికిని చేయుదురా అని ఆమె సందేహము. మన దేశమున 2016లో నిర్ణయించిన పద్ధతి ప్రకారము ఈ పరీక్ష 30 ఏండ్లు నిండినవారికి, 65 ఏండ్లవరకు, అయిదేండ్లకొకసారి. చిన్న వయసున కలుగు మార్పులలో చాలభాగము వానంతట అవియే సర్దుకొనును. వానిని వెదకి చికిత్స చేయుట వలన మేలుకంటె కీడే ఎక్కువ. పెండ్లి కాని పిల్లను ఈ బల్ల ఎక్కింపనక్కరలేదు. అయితే పైన చెప్పిన గుర్తులు కనబడినచో మాత్రము ఏ వయసువారైనను వైద్యులకు చెప్పవలసినదే. ఈ చిన్న సంగతి తెలియక, ముప్పది దాటిన తల్లి తన కూతుళ్ళను కూడ పట్టుకొందురను భయమున తానును రాకపోవుట కలదు.

మూడవ ప్రశ్న నోటితో అడుగరానిది. ఈ జబ్బు ఎట్లు వచ్చును? మనుష్యులలో పులిపిరులు కలిగించు పాపిల్లోమా వైరసు జాతిలో కొన్ని రకములు దీనికి కారణమని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84 సంవత్సరములలో కనిపెట్టెను. అందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఈ వైరసు స్త్రీపురుషుల కలయిక వలన సోకును. ఈ ముక్క సగము విన్న ఊరు మిగిలిన సగము తానే కల్పించుకొనును: పరీక్షలో చెడు వచ్చినచో ఆ ఆడుదాని నడత చెడ్డదని. ఇది ఎంతమాత్రము నిజము కాదు. సంసారము చేయు స్త్రీపురుషులలో అధికసంఖ్యాకులకు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకును. చాలమందికి రెండేండ్లలోపల శరీరమే దానిని తరిమివేయును. కొందరిలో మాత్రము నిలిచిపోయి, పదేండ్లకో ఇరువదేండ్లకో క్యాన్సరుగా మారును. ఎన్నడు సోకినదో, ఎవరినుండి వచ్చినదో ఏ పరీక్షయు చెప్పజాలదు. మగనికి ఏ గుర్తును కనబడకుండ భార్యకు అంటవచ్చును. నింద పడు భయము గల భార్యకు ఈ మాట చెప్పుట ఎంత అవసరమో, నింద వేయగల భర్తకు చెప్పుట అంతకంటె అవసరము. శిబిరమునాడు మగవారు బయట చెట్టుక్రింద ఊరక కూర్చుందురు. వారితో మాటలాడువారు సాధారణముగా ఉండరు.

నాలుగవ భయము గర్భసంచిని గూర్చినది. పరీక్షకు పోయినచో సంచి తీసివేయుదురు, ఇక పిల్లలు పుట్టరు - ఈ మాట విన్న పట్టణవాసులు నవ్వుదురు. నవ్వుటకు ముందు ఒక లెక్క చూడవలెను. 2015-16 నాటి జాతీయ సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశములో వారు నూటికి దాదాపు తొమ్మండుగురు. తెలంగాణలో ఏడుగురికి పైన. దేశములో ఈ రెండు రాష్ట్రములే ముందు నిలిచినవి. తెల్లబట్టకు, నడుమునొప్పికి మందు అడుగబోయిన స్త్రీకి, ఉంచుకొన్నచో క్యాన్సరు అగునని చెప్పి కోత కోసిన ఉదంతములు మన జిల్లాలలో కొల్లలు. ఆ బంధువునో, ఈ పొరుగింటి ఆమెనో చూచి కొండపడుచు పడు భయము మూఢనమ్మకము కాదు, అనుభవము. ఆమెకు చెప్పవలసినది ఇది: తెల్లబారిన మచ్చ అంతయు క్యాన్సరు కాదు, అది ముందుదశ. ఆ మచ్చను అతిచల్లని వాయువుతోనో, వేడి తగిలించియో అక్కడికక్కడే మాన్పవచ్చును. సంచి సంచిగానే ఉండును, పిల్లలు పుట్టుదురు. మచ్చ పెద్దదై కొంత భాగము కత్తిరించి తీయవలసివచ్చినప్పుడు, తరువాతి కాన్పు నెలలు నిండకముందే వచ్చు అవకాశము కొంచెము పెరుగును. ఇదియు దాచక చెప్పవలెను. ఒకటి దాచినవారి తక్కిన మాటలు ఎవరు నమ్ముదురు?

నమ్మకమును గూర్చి మాటలాడునప్పుడు అరకునుండి కొంతదూరము పోకతప్పదు. ఈ కొండల వరుసనే పట్టుకొని నైరుతిగా గోదావరివరకు పోయినచో చింతూరు, కూనవరము, భద్రాచలము తగులును. ఈ ప్రాంతమంతయు 2014వరకు ఖమ్మము జిల్లాలోనిది. 2009 జూలైలో ఆ జిల్లాలోని మూడు మండలములలో, 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఈ పాపిల్లోమా వైరసును నిరోధించు టీకా వేయుట మొదలుపెట్టిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి తలపెట్టిన పని అది. బాలికలలో గిరిజనులు ఎక్కువ; ప్రభుత్వ వసతిగృహములలోను, ఆశ్రమ పాఠశాలలలోను చదువుకొనువారు పలువురు. 2010 ఆరంభమున మహిళాసంఘములవారు భద్రాచలము పోయి విచారించిరి. టీకా ఏ వ్యాధికో, అది పరిశీలనలో భాగమని కూడ, చాలమంది పిల్లలకు, తల్లిదండ్రులకు తెలియదని వారు వెల్లడించిరి. టీకా పొందిన బాలికలలో కొందరు మరణించిన వార్తలు వచ్చినవి. 2010 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసెను.

ఆ మరణముల విషయమున న్యాయముగా చెప్పవలసినది చెప్పవలెను. గుజరాతుతో కలిపి మొత్తము ఏడు మరణములను ప్రభుత్వము నియమించిన సంఘము విచారించినది. నీటమునక, పాముకాటు, పురుగులమందు, మలేరియా వంటి కారణములే వానిలో ఎక్కువగా కనబడినవి. టీకాయే చంపినదనుటకు ఆధారము దొరకలేదు. ఆ టీకా లోకమంతట కోట్లకొలది బాలికలకు వేయబడినది, మంచిదని తేలినది. 2022లో మన దేశమున తయారైన టీకాకు కూడ అనుమతి లభించినది. కాని ఆ విచారణలోనే మరొకటి బయటపడినది. అనుమతి పత్రములమీద పెక్కుచోట్ల తల్లిదండ్రుల సంతకములు లేవు. వసతిగృహపు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు వారి బదులు సంతకము చేసిరి. అట్టి పత్రములు వేలలో ఉన్నవి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికలో ఈ పద్ధతిని తీవ్రముగా ఖండించినది.

ఉపాధ్యాయులు ఈ ఘట్టమువద్ద కొంచెము ఆగి ఆలోచింపవలసి ఉన్నది. ఆ సంతకము చేసినవారు దుర్మార్గులు కారు. పైనుండి ఉత్తరువు వచ్చినది. పిల్లలకు మేలు జరుగుననిరి. తల్లిదండ్రులు మూడు కొండల అవతల ఉన్నారు. వారికి చదువు రాదు. కలము తీసి వ్రాసిరి. మందు మంచిదే, వ్రాసినవారును మంచివారే. అయినను ఆ సంతకముతో పోయినది పిల్లల తల్లిదండ్రులకు సర్కారు బడిమీద ఉన్న నమ్మకము. ఆ తరువాత కొండలలోనికి ఏ టీకా పోయినను, ఏ పరీక్ష పోయినను, భద్రాచలపు పిల్లల కథ దానికి ముందుగా పోయి కూర్చుండెను. చచ్చిపోయిరట అను మాట చేరినది. విచారణసంఘము ఏమి తేల్చెనో ఆ మాట చేరలేదు.

అడుగకుండ తీసికొనుట అను దోషము ఒక్క మన దేశమునదే కాదు. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రో జాతి స్త్రీ ఇదే క్యాన్సరుతో ఆసుపత్రిలో చేరెను. ఆమెను అడుగక తీసిన కణములు ప్రయోగశాలలలో పెరిగి నేటికిని వైద్యశాస్త్రమునకు ఉపయోగపడుచున్నవి. అయిదుగురు బిడ్డల ఆ తల్లి 31వ ఏట మరణించెను. కణముల సంగతి ఆమె కుటుంబమునకు ఇరువదేండ్లకుపైన తెలియలేదు.

ఇంతకును పరీక్ష వలన ఫలమున్నదా? ఉన్నది. తమిళనాడు దిండిగల్లు జిల్లాలో సిర్కా పరీక్ష చేసిన గ్రామములలో ఈ వ్యాధి మరణములు నూటికి 35 వంతున తగ్గినవని 2007లో ప్రకటితమైనది. బొంబాయి మురికివాడలలో టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో ఆరంభించిన పరిశీలనలో ఆ తగ్గుదల 31. బొంబాయిలో పరీక్ష చేసినది డాక్టర్లు కారు. పదవ తరగతి చదివి, కొన్ని వారముల శిక్షణ పొందిన స్థానిక స్త్రీలు. అరకు, పాడేరు కళాశాలలలో చదువు గిరిజన బాలికలు ఈ వాక్యమును రెండుమారులు చదువదగును. పరీక్ష చేయు చేయి తమ ఊరిదై, మాట తమ భాషదైనచో, మొదటి ప్రశ్న సగము తీరినట్లే. ఆ పరిశీలనలలో పోల్చి చూచుటకై పరీక్ష చేయక విడిచిన స్త్రీలును వేలకొలది ఉండిరి. వారిలో చనిపోయినవారి మాట యేమని విమర్శకులు అడిగిరి. ఆ ప్రశ్న కూడ సమంజసమైనదే.

సిగ్గునకు మరొక విరుగుడు ఇటీవల వచ్చినది. స్త్రీ తానే మరుగున చిన్న పుల్లవంటి దూదికుంచెతో నమూనా తీసి ఇచ్చినచో, అందు వైరసు ఉన్నదో లేదో ప్రయోగశాలలో చూడవచ్చును. ఎవరును చూడనక్కరలేదు, తాకనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని ఆమోదించినది. ఆస్ట్రేలియాలో 2022నుండి స్త్రీలందరును కోరుకొన్నచో ఈ పద్ధతినే వాడుకొనవచ్చును. కొండలకు ఇది ఎంతయో అనువైనదిగా తోచును. చిక్కు ఎక్కడనగా, సిర్కా పరీక్షలో జవాబు అప్పుడే తెలియును. దీనిలో నమూనా కొండ దిగి పోవలెను, జవాబు కొండ ఎక్కి రావలెను. అది వచ్చునప్పటికి ఆమె ఏ పోడులోనో, ఏ పెండ్లికో పోయి ఉండును. ఆ జవాబు ఇంటిముందు అందరి ఎదుట చెప్పరాదు. కాగితము ఇచ్చినచో చదువలేదు.

జవాబు చెడుదైనచో? అది చివరి ప్రశ్న, అన్నిటిలో బరువైనది. ముదిరిన వ్యాధికి విశాఖపట్టణము పోవలెను. పోవుటకొక దినము, వచ్చుటకొక దినము. కిరణచికిత్స వారములతరబడి సాగును. తోడు ఎవరు పోవుదురు, ఆ తోడు పోయినవాని కూలి ఎవరిచ్చెదరు, ఇంటివద్ద పిల్లలకు గంజి ఎవరు కాచెదరు, ఆసుపత్రి వరండాలో ఆమె కువి మాటను ఎవరు తెలుగు చేయుదురు? చికిత్స ఉచితమే కావచ్చును. ఈ ప్రశ్నలకు అది జవాబు కాదు. తెలిసికొని చేయగలిగినది లేనప్పుడు తెలిసికొనుట ఎందుకని ఆమె అనుకొనుటలో తర్కము ఉన్నది. పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. ఆ సంవత్సరము నవంబరులోనే రాష్ట్రప్రభుత్వము సిబ్బందిని ఇంటింటికి పంపి నోటి, రొమ్ము, గర్భసంచి మూతి క్యాన్సరులను ముందే కనిపెట్టు కార్యక్రమమును ప్రారంభించినది. గుమ్మములోనికి మనిషి రావడము మొదలైనది. ఆ మనిషి ఈ ప్రశ్నలను వినునో, పుస్తకములో గీత గీసికొని పోవునో, ఊరి స్త్రీలు త్వరలోనే పోల్చుకొందురు.

2009లో భద్రాచలపు వసతిగృహములలో చేయి చాచి సూది వేయించుకొన్న బాలికలలో పెద్దవారికి అప్పుడు 14 ఏండ్లు. వారి బదులు మరొకరు కాగితముపై సంతకము చేసిరి. లెక్క వేసినచో 2025తో వారికి ముప్పది నిండినవి. పరీక్షకు రమ్మని ఆశా కార్యకర్త పట్టుకొని తిరుగు జాబితాలో ఇప్పుడు చేరవలసిన పేర్లు వారివే. వారిలో చాలమంది చదువుకొన్నవారు. తమ సంతకము తాము చేయగలరు.